ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి వెబ్‌సైటు చేసిన ఇరవై ఆరు నెలలు

2023 జూన్ 12వ తేదీ సోమవారం ఉదయం దినపత్రిక జిల్లా అనుబంధంలో ఒక చిన్న టెండరు ప్రకటన చూశాను. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం తన పాత వెబ్‌సైటును తీసేసి, తెలుగు, ఇంగ్లీషు భాషల్లో కొత్తది చేయించుకోవాలనుకుంటోంది. విజయవాడలో మాది ముగ్గురు పనిచేసే సంస్థ. అంతకుముందు ఆసుపత్రులకు, పాఠశాలలకు, రెండు సహకార సంఘాలకు వెబ్‌సైట్లు చేశాం గాని, ప్రభుత్వ సంస్థతో పనిచేసిన అనుభవం లేదు. ఇది రాస్తున్నది 2025 ఆగస్టులో. ఈ మధ్యకాలంలో జరిగినదంతా తేదీలతో సహా నా నోటు పుస్తకంలో ఉంది. ఇలాంటి పనికి దిగబోయే చిన్న సంస్థల వారికి ముందే తెలిస్తే మేలనిపించిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. అక్కడ మాతో ఓపికగా పనిచేసినవారే ఎక్కువమంది. ఆలస్యాల్లో చాలావాటికి ఫలానా మనిషి కారణమని చెప్పగలిగిన పరిస్థితి కూడా లేదు.

టెండరు దస్తావేజు 46 పేజీలు. ప్రతి పేజీ మీదా సంతకం, ముద్ర ఉండాలి. 15,000 రూపాయల ధరావతుకు డీడీ తీశాం. మూడేళ్ల టర్నోవరుకు చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రం తీసుకున్నాం. సాంకేతిక వివరాలను ఒక కవరులో, ధరను మరో కవరులో పెట్టి స్వయంగా వెళ్ళి తపాల్ సెక్షన్‌లో ఇచ్చి ఇన్‌వర్డు నంబరు వేయించుకున్నాను. జూలై 5న కవర్లు తెరిచినప్పుడు మొత్తం నలుగురు ఉన్నాం. ఒకరి దరఖాస్తును రెండు పేజీల మీద సంతకం లేదన్న కారణంతో పక్కన పెట్టారు. మేము వేసిన ధర 5,40,000 రూపాయలు, జీఎస్టీ అదనం. మాదే తక్కువ ధర అని ఆ సాయంత్రమే చెప్పారు గాని, వర్క్ ఆర్డరు చేతికి వచ్చేసరికి ఆగస్టు 28 అయింది. ఆ ఏడున్నర వారాల్లో నాలుగుసార్లు వెళ్ళాను. ఫైలు ఏ సెక్షన్‌లో ఉందో ఫోనులో అడిగితే ఎవరూ చెప్పరని, ఇన్‌వర్డు నంబరు పట్టుకుని వెళ్ళి అడిగితే రెండు నిమిషాల్లో చెబుతారని అప్పుడు తెలిసింది.

ఒప్పందంలో ఐదు శాతం, అంటే 27,000 రూపాయల బ్యాంకు గ్యారంటీ అడిగారు. చిన్న సంస్థలకు బ్యాంకు ఊరికే గ్యారంటీ ఇవ్వదు కాబట్టి అంత మొత్తాన్నీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా కట్టించుకుని, పైన రుసుము తీసుకుని, పన్నెండు రోజులకు పత్రం ఇచ్చింది. ఆ పన్నెండు రోజుల్లోనే ఒప్పందాన్ని మళ్ళీ నింపాదిగా చదివాను. భద్రతా తనిఖీ ఖర్చు పనిచేసే సంస్థే భరించాలన్న వాక్యం 31వ పేజీలో ఉంది. ధర వేసేటప్పుడు మా కంట పడలేదు. అక్కడికే లాభంలో ఏడో వంతుకు పైగా పోయిందని లెక్క తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గడువు 120 రోజులు. కోడు రాయడానికి నిజంగా పట్టినది అందులో సగం కూడా కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో మొదలై 2023లో మూడో కూర్పుగా వచ్చిన జాతీయ మార్గదర్శకాలను ముందు పెట్టుకుని, అక్టోబరు నెలాఖరుకు పేజీల నమూనాలు, సమాచారం ఎక్కించే విధానం, రెండు భాషల ఏర్పాటు పూర్తిచేశాం. మమ్మల్ని నిజంగా కుదిపేసింది ఆ చట్రంలో పెట్టవలసిన సమాచారం.

పాత సైటులో ఉన్నవాటిలో కొత్తదానికి తీసుకురావలసినవి 1,340 పేజీలని లెక్కవేశాం. అందులో 730 పేజీలు కాగితాన్ని స్కాను చేసి పెట్టిన బొమ్మలు. మిగిలిన 610 పేజీలు పేజ్‌మేకర్ అనే అచ్చుపని సాధనంలో, ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతో కూర్చినవి. చూడటానికి చక్కని తెలుగే, కాని అక్కడినుంచి కాపీ చేసి మరోచోట పెడితే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. అంటే ఆ విశ్వవిద్యాలయం పదిహేనేళ్లుగా తెలుగులో ప్రకటించిన దానిలో ఒక్క మాట కూడా వెతికితే దొరికేది కాదు.

మార్పిడి సాధనాలు ఉన్నాయి కదా, మూడు వారాల పని అనుకున్నాం. చివరికి ఐదు నెలలు పట్టింది. పాత ఫాంట్లలో అక్షరాన్ని కంటికి కనిపించే వరుసలో ముక్కలుగా పేరుస్తారు, ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తించే యూనికోడ్ పద్ధతిలో పలికే వరుసలో రాయాలి. అందువల్ల గుడో కొమ్మో ఒత్తుతో కలిసి ఒకే అక్షరానికి చేరినచోట సాధనం తడబడేది. ఫాంటు కూర్పు మారితే సంకేతాలూ మారేవి కాబట్టి, ఒక ఫైలుకు సరిపోయిన పట్టిక మరో ఫైలుకు పనికొచ్చేది కాదు. స్కాను పేజీల కోసం, బొమ్మలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే టెసెరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ సాధనాన్ని వాడాం. శుభ్రమైన ముద్రణ మీద అది బాగానే చదివింది. జిరాక్సు చేసిన జిరాక్సు మీద, రబ్బరు ముద్ర పడినచోట చేతులెత్తేసింది. 290 పేజీలను పేజీకి 25 రూపాయల చొప్పున టైపు చేయించాం. మొత్తం 1,340 పేజీల ప్రూఫు చదవడానికి పేజీకి 15 రూపాయలు ఇచ్చాం. రెండూ కలిపి 27,350 రూపాయలయింది.

ఆ ప్రూఫులోనే నేను ఎప్పటికీ మరిచిపోలేని తప్పు ఒకటి బయటపడింది. ఒక పీజీ డిప్లొమా ఫీజు 1,350 రూపాయలు. ఓసీఆర్ సాధనం రూపాయి గుర్తును 7 అంకెగా చదవడంతో అది 71,350 అయి కూర్చుంది. అక్షరం తప్పయితే చదువరి సర్దుకుంటాడు గాని అంకె తప్పయితే నమ్ముతాడు. ఒక కూలీ ఇంటి అమ్మాయి ఆ అంకె చూసి దరఖాస్తు చేయడమే మానుకుని ఉంటే అందుకు బాధ్యత మాదే అయ్యేది. ఆ రోజునుంచి అంకె ఉన్న ప్రతి వాక్యాన్నీ, ఒకరు మూలం పైకి చదువుతుండగా మరొకరు తెరమీద సరిచూడాలని నియమం పెట్టుకున్నాం. ఆలస్యం మరింత పెరిగిందన్నది నిజమే, అయినా ఆ నియమాన్ని ఒక్కరోజు కూడా సడలించలేదు.

పాత ఫైళ్ళలో ఇంకో ప్రమాదం దాగి ఉంది. ఉపకార వేతనాలకు, హాస్టలు ప్రవేశాలకు ఎంపికైనవారి జాబితాల్లో తండ్రి పేరు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు, కొన్నింట్లో ఆధార్ సంఖ్యలు కూడా ఉన్నాయి. ఆధార్ సంఖ్యను బహిరంగంగా ప్రచురించడం 2016 నాటి చట్టం ప్రకారమే నిషిద్ధం. నవంబరు 21న ఇది గమనించిన గంటలోనే రిజిస్ట్రారు గారికి ఫోను చేసి, ఆ వెంటనే లేఖ రాశాను. ఆయన మారుమాట లేకుండా ఆ రోజే ఆ ఫైళ్ళను పాత సైటునుంచి తీయించారు. పాత సమాచారాన్ని ఉన్నది ఉన్నట్టుగా కొత్త సర్వరులోకి ఎక్కించమని చాలా సంస్థలు అడుగుతాయి. అలా ఎవరడిగినా ఒప్పుకోకూడదని నేను గట్టిగా చెబుతాను.

డిసెంబరులో విశ్వవిద్యాలయం తరఫున ఒక చూపులేని విద్యార్థిని పరీక్షకు పంపమని కోరాం. ఎం.ఏ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి వచ్చాడు. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాధనాలు, ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ, ఫోనులో టాక్‌బ్యాక్ వాడతాడు. రోజుకు 500 చొప్పున ఆరు రోజులకు మూడు వేలు ఇస్తామంటే మొదట వద్దన్నాడు, ఇది పని కాబట్టి తీసుకోవాలని నచ్చజెప్పాం. మొదటిరోజు పోలిక కోసం పాత సైటులోని పరీక్షల ప్రకటన తెరిచాడు. సాధనం ఏమీ పలకలేదు. “అన్నా, మీకిది ప్రకటన, నాకు ఖాళీ కాగితం. ప్రతి సెమిస్టరుకూ ఫీజు కట్టే ఆఖరు తేదీ ఎవరినో ఒకరిని అడగాల్సిందే” అన్నాడు. అడగడం అలవాటైపోయిన మనిషి గొంతుతో, కోపమేమీ లేకుండా అన్నాడు. అంతవరకు కాగితం మీద నిబంధనగా చదివినది ఆ క్షణంలో నాకు బరువుగా తగిలింది.

మా కొత్త సైటులోనూ అతను తప్పులు పట్టాడు. పేజీ భాష తెలుగు అని కోడులో గుర్తు పెట్టడం కొన్ని నమూనాల్లో మరిచిపోయాం. అక్కడ ఇంగ్లీషు గొంతే తెలుగును చదవబోయి ఏవో శబ్దాలు చేసింది. ఇంగ్లీషు పేజీ మధ్యలో వచ్చే తెలుగు వాక్యానికి కూడా విడిగా ఆ గుర్తు పెట్టాలని అప్పుడు సరిదిద్దుకున్నాం. ప్రకటనల కింద ‘ఇక్కడ నొక్కండి’ అన్న లింకులు వరుసగా పన్నెండు వినిపించేసరికి, ఏది దేనిదో తెలియడం లేదన్నాడు. వాటన్నిటినీ ప్రకటన పేరుతోనే మళ్ళీ రాశాం. తెలుగులో వెతుకులాట కూడా అతని చేతిలోనే విఫలమైంది. స్కాలర్‌షిప్పు అన్న మాటను మధ్యలో విడదీసే కనిపించని గుర్తుతో కొందరు, అది లేకుండా ‘స్కాలర్షిప్పు’ అని కొందరు రాస్తారు. యంత్రానికి అవి రెండూ వేరువేరు మాటలు. ఆ గుర్తును పట్టించుకోకుండా వెతికేలా మార్చాం. ఆరు రోజులకు 38 లోపాలు రాసుకున్నాం. మేము ముగ్గురం ఆరు వారాలు చూసినా అందులో పది కూడా కనిపించి ఉండేవి కావు.

రూపకల్పన సమావేశాల గురించి ఎక్కువ చెప్పను. తెరమీద ఎడమకు పరుగెత్తే అక్షరాల పట్టీ కావాలని పెద్దలు పట్టుబట్టారు, ఆపుకునే మీట తప్పనిసరి అని మేము పట్టుబట్టాం, రెండూ ఉన్నాయి. తెలుగులో వత్తులు కింద తెగిపోతున్నాయని ఒక డీను గారు చూపించినది మాత్రం విలువైన మాట. ఇంగ్లీషుకు సరిపోయే వరుస ఎడం తెలుగుకు చాలదు. దాన్ని అక్షరం ఎత్తుకు 1.2 రెట్లనుంచి 1.7 రెట్లకు పెంచాక ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలు తెగకుండా నిలిచాయి.

2024 జనవరి 8న, గడువు దాటిన రెండు వారాలకు, కేంద్ర ప్రభుత్వ సైబరు భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఒక తనిఖీ సంస్థకు సైటు అప్పగించాం. గడువు పొడిగింపు కోసం వారం ముందే లేఖ ఇచ్చి, సమాచారం ఏ సెక్షన్‌నుంచి ఏ తేదీన అందిందో పట్టిక జతచేయడం వల్ల జరిమానా పడలేదు. ఆ పట్టికను మొదటిరోజునుంచి రాసుకోకపోతే మాత్రం మా దగ్గర ఏ ఆధారమూ ఉండేది కాదు. తనిఖీ రుసుము 65,000, జీఎస్టీతో 76,700 రూపాయలు. ఫిబ్రవరి 10న మొదటి నివేదిక వచ్చింది. మొత్తం 17 లోపాలు, వాటిలో రెండు తీవ్రమైనవి. ఆ రెండింటిలో ఒకటి, ఫైలు ఎక్కించేచోట పేరు చివర చూసి రకాన్ని నమ్మడం. లోపల ఏముందో చూసి నిర్ధారించేలా మార్చాం. రెండోది, మేము నవీకరించకుండా వదిలేసిన ఒక పాత కోడు భాగం.

అందరికీ చెప్పవలసిన చిక్కు ఒకటి ఇక్కడే వచ్చింది. ఫలితాల పేజీని యంత్రాలు గుంపుగా తోడుకోకుండా వంకర అక్షరాల బొమ్మ, అంటే క్యాప్చా, పెట్టాలని తనిఖీదారు రాశారు. ఆ బొమ్మ పెడితే మా చరిత్ర విద్యార్థి తన మార్కులు తాను చూసుకోలేడు. రెండూ న్యాయమైన కోరికలే. నేను మూడు పేజీల వివరణ రాశాను. హాల్‌టికెట్ సంఖ్యతోపాటు పుట్టిన తేదీ అడుగుతామని, ఒకే చోటునుంచి నిమిషానికి ఇన్ని ప్రయత్నాలకు మించి అనుమతి ఉండదని, బొమ్మకు బదులు మాటల్లో చిన్న లెక్క అడుగుతామని, అది తెరను చదివే సాధనానికి వినిపిస్తుందని చెప్పాను. తనిఖీదారు రెండుసార్లు ఫోనులో చర్చించి ఒప్పుకున్నారు. అందుకు పదకొండు రోజులు, ఒక అదనపు పరీక్ష రుసుము 15,000 పట్టింది. ఆ ఖర్చు గురించి నాకు ఈ రోజుకూ విచారం లేదు.

మార్చి 11న ధ్రువపత్రం వచ్చింది. ప్రారంభోత్సవం మార్చి 18 సోమవారం అనుకున్నారు. మార్చి 16న ఎన్నికల ప్రకటనతో ప్రవర్తనా నియమావళి అమల్లోకి వచ్చింది. కొత్త సైటు ప్రారంభం ఆగిపోయింది. అదే రాత్రి పాత సైటులోంచి రాజకీయ నాయకుల ఫొటోలు తీసేయాలని మాకు ఫోను వచ్చింది. అది మా ఒప్పందంలో లేని పని, పైగా ఆ ఫొటోలు పేరు, చిహ్నంతో కలిపి ఒకే బొమ్మగా అతికించి ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటిదాకా కూర్చుని కొత్త బొమ్మ చేసి పెట్టాం. కొత్త సైటులో ఫొటోలను కోడులో భాగం చేయకుండా సమాచారంగా ఉంచడం అప్పుడు మమ్మల్ని కాపాడింది. తనిఖీ పత్రం పరీక్షించిన కోడుకే వర్తిస్తుంది, కోడు తాకితే మళ్ళీ తనిఖీ, మళ్ళీ రుసుము.

నియమావళి జూన్ 6దాకా నడిచింది. ఆ తరువాత ప్రారంభిద్దామంటే సైటు చిరునామా మా చేతికి రాలేదు. మన దేశంలో ఉన్నత విద్యాసంస్థల ‘డాట్ ఏసీ డాట్ ఇన్’ పేర్లు ఎర్నెట్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ దగ్గర నమోదవుతాయి. ఈ విశ్వవిద్యాలయం పేరు ఎన్నడో పదవీవిరమణ చేసిన ఒక ఆచార్యుల వ్యక్తిగత ఈమెయిలుతో నమోదై ఉంది, ఆ మెయిలు ఆయనే వాడటం లేదు. రిజిస్ట్రారు గారి లేఖ, ముద్ర, గుర్తింపు పత్రాలు పంపి మార్పించేసరికి 19 రోజులయింది. పని మొదలుపెట్టిన వారంలోనే అడగవలసిన ప్రశ్న ఇది. 2024 జూలై 15న కొత్త సైటు తెరుచుకుంది. అప్పటికి వర్క్ ఆర్డరు ఇచ్చి పది నెలలు దాటింది.

ఆగస్టు 9 సాయంత్రం డిగ్రీ ఫలితాలు విడుదలయ్యాయి. పాత సైటు ప్రతిసారీ ఆ గంటలో కుప్పకూలేది. పెద్ద పీడీఎఫ్‌కు బదులు ఒక్కో విద్యార్థికి కొన్ని పంక్తుల పేజీ మాత్రమే వెళ్ళేలా చేశాం కాబట్టి సర్వరు తొణకలేదు. మేము ఊహించనిది మరొకటి జరిగింది. పుట్టిన తేదీ సరిపోలడం లేదని రాత్రి పదింటిలోపు 212 ఫిర్యాదులు వచ్చాయి. కళాశాలలు పంపిన రికార్డుల్లో తేదీ, నెల తారుమారయ్యాయి. పరీక్షల విభాగం వాళ్ళు ఆ రాత్రే పదో తరగతి ధ్రువపత్రాలు చూసి సరిచేస్తూ కూర్చున్నారు. వాళ్ళతోపాటు మేమూ కూర్చున్నాం.

డబ్బు సంగతి కూడా దాచకుండా రాస్తాను. నమూనాలు ఆమోదించాక 30 శాతం, ప్రారంభమయ్యాక 50 శాతం, ఏడాది నిర్వహణ పూర్తయ్యాక 20 శాతం అన్నది ఒప్పందం. మొదటి వాయిదా రెండు నెలల్లోనే వచ్చింది. రెండో వాయిదా 2,70,000 రూపాయలకు, దానిపై జీఎస్టీ 48,600కు 2024 జూలై 22న ఇన్‌వాయిస్ ఇచ్చాం. పన్ను ఇన్‌వాయిస్ లేకపోతే ఆఫీసులో ఫైలు కదలదు, ఇచ్చాక డబ్బు వచ్చినా రాకపోయినా మరుసటి నెల 20వ తేదీలోపు జీఎస్టీ మేమే కట్టాలి. ఆ 48,600 అప్పు తెచ్చి కట్టాను. బిల్లు మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఒకసారి పని పూర్తయిన ధ్రువపత్రంలో తేదీ లేదని, ఒకసారి గడువు పొడిగింపు ఉత్తర్వు జతచేయలేదని, మరోసారి ఆ పద్దు కింద నిధులు లేవని. 2025 జనవరి 29న, 191 రోజులకు, ఖాతాలో 2,86,200 పడ్డాయి. ఆదాయపు పన్ను కింద 27,000, జీఎస్టీ కింద 5,400 ముందే మినహాయించారు. ఈ రెండో మినహాయింపు సంగతి నాకు తెలియదు. అది మన జీఎస్టీ ఖాతాలో జమగా కనిపిస్తుంది, మనం వెళ్ళి అంగీకరిస్తేనే వాడుకోవచ్చు. ఆ ఆరు నెలల్లో మా ఇద్దరు సహచరులకు జీతం ఒక్క నెల కూడా ఆపకూడదని నా భార్య నగలు బ్యాంకులో పెట్టాం. ఫిబ్రవరిలో విడిపించాం.

ప్రారంభానికి ముందు జూలై 10న సెక్షన్ల సిబ్బందికి శిక్షణ ఇచ్చాం. పద్నాలుగు మంది వచ్చారు. ప్రకటన పెట్టాలంటే శీర్షిక, తేదీ, సెక్షను, ఎప్పటివరకు చెల్లుతుందో రాసి, అసలు పాఠాన్ని టైపు చేస్తేనే అంగీకరించేలా, సంతకం ఉన్న స్కాను దానికి జతగా మాత్రమే ఉండేలా ఏర్పాటు చేశాం. చివర వరుసలో కూర్చున్న ఒక సీనియర్ అసిస్టెంటు మేడం చాలాసేపు మౌనంగా ఉండి, “బాబూ, నాకు ఇరవై రెండేళ్లుగా ఆపిల్ కీబోర్డే చేతికి అలవాటు. ఇప్పుడు కొత్తది నేర్చుకోమంటే నావల్ల కాదు” అన్నారు. అచ్చుపనిలో వాడే ఆ అమరికతోనే యూనికోడ్ టైపు చేయగల సాధనం ఉంది. ఆమె కంప్యూటరులో అది పెట్టి, “అవే మీటలు కొట్టండి మేడం” అన్నాను. ఒక పేరా కొట్టి, దాన్ని కాపీ చేసి ఫోనులో తనకు తాను పంపుకుని, తెలుగు తెలుగుగానే వచ్చిందని రెండుసార్లు చూసుకున్నారు. ఆ సెక్షన్‌నుంచి ఒక్క స్కాను ప్రకటన కూడా ఒంటరిగా రాలేదు.

మిగతా సెక్షన్లలో అంత బాగా జరగలేదు. ఖాళీగా వదలకూడదన్న పెట్టెలో ‘జతపరిచిన ప్రతి చూడండి’ అని రాసి స్కాను పెట్టేవారు. నిర్వహణ ఒప్పందం ప్రకారం నెలకోసారి నేను లెక్కతీసి రిజిస్ట్రారు కార్యాలయానికి పంపేవాణ్ని. 2024 ఆగస్టులో 71 ప్రకటనలకు 44 అలా వచ్చాయి. ఈ ఏడాది జూన్‌లో 63కు 9. ఆ తొమ్మిదింటినీ మా ఆఫీసులోనే టైపు చేయించి పెట్టాం. నిర్వహణ ఏడాది జూలై 14తో ముగిసింది. చివరి 20 శాతం బిల్లు, బ్యాంకు గ్యారంటీ విడుదల లేఖ కలిపి జూలై 28న తపాల్‌లో ఇచ్చి ఇన్‌వర్డు నంబరు రాయించుకున్నాను. మొన్న వెళ్ళి చూస్తే ఫైలు అకౌంట్స్ సెక్షన్‌లో ఉంది. అక్కడికి వెళ్ళే దారిలో పరీక్షల విభాగం నోటీసు బోర్డు ముందు ఆగి, ఆ రోజు అంటించిన ఫీజు ప్రకటన ఫోనులో మా సైటు తెరిచి చూశాను. పాఠంగానే ఉంది, తేదీ సరిగ్గానే ఉంది, అంకెలు రెండుసార్లు సరిచూశాను.